నీళ్ళపాలైన ఎర్ర తోడు

శుద్ధ విదియ, పోటు వేళ

మూడో తెప్ప టీకాల మనిషిని, అచ్చాయమ్మని మాట్లాడుతున్నానండి. దీపం వెలిగింది కాబట్టి పెట్టె వింటున్నట్టే. రోజూ ఏం చేశానో దీనికి చెప్పాలి, నెలాఖరుకి గట్టు మీదనుంచి పడవొచ్చి పట్టుకుపోతుంది. చెప్పింది చెరపడానికి బొత్తాం ఎక్కడుందని అడిగితే, పెట్టలేదమ్మా అన్నారు. ఇదేం చోద్యం! మనిషన్నాక ఓ మాట జారదా?

పొద్దున్నే లేచి ఎండరేకుల మీద ఉప్పు కడిగాను. ఒక్క పూట కడక్కపోతే పొయ్యి వేడెక్కదు, అన్నం బియ్యంగానే ఉంటుంది. మా ఆయన ఈశ్వరుడు మోకుల దగ్గరికి వెళ్ళాడు. పోటుకి తెప్ప పైకి లేస్తుంది, పాటుకి కిందకి దిగుతుంది, రెండు పూటలా మోకులు వదులు చేసి బిగించకపోతే మూడొందల కొంపలూ సముద్రంలోకి నడుచుకుంటూ పోతాయి.

ఎండ ఎక్కాక మందులు దించారు. తెచ్చింది పల్లాలమ్మే, తన లాంచీలో. పల్లాలమ్మ మా తెప్ప సరంగు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసకమేట రోజుకో చోటికి జరుగుతుంది. నీళ్ళ రంగు చూసి అది ఎక్కడుందో కనిపెట్టి లాంచీ నడిపేది ఇక్కడ ఆవిడొక్కత్తే. నాకూ దానికీ చిన్నప్పటి స్నేహం. ఎంత చిన్నప్పటిదో ఈ పెట్టెకి అనవసరం.

మడజ్వరం ఊళ్ళమీద పడిందిట. దగ్గుతో అంటుకుంటుంది, ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. అది ఇటు రాకముందే అందరికీ టీకా వెయ్యాలి. ఎలా వెయ్యాలో రేడియోలో గట్టు డాక్టరమ్మ మెహరున్నీసా చెప్పింది. మా రేడియోకి మర తిప్పుతూ ఉండాలి, ఆపితే నోరు మూస్తుంది. ఈశ్వరుడు తిప్పాడు, నేను విన్నాను.

"టీకా అంటే జబ్బు మొహం ఒంటికి ముందే చూపించడం అచ్చాయమ్మ గారూ. చిన్నవాళ్ళ ఒళ్ళు చూపించగానే గుర్తుపెట్టుకుంటుంది. వయసైన ఒళ్ళు మగతగా ఉంటుంది, చూపించినా పట్టించుకోదు. కేకేసి లేపాలి. ఆ కేక కోసమే మందులో ఇంకోటి కలుపుతాం."

ఆ ఇంకోదాన్ని మేం తోడంటాం. రెండు రకాలొచ్చాయి. తెల్ల తోడు అందరికీ. ఎర్ర తోడు అరవై దాటినవాళ్ళకి. చిన్నవాళ్ళకి ఎర్రది వేస్తే ఒళ్ళు అదిరిపోయి జ్వరం నెత్తికెక్కుతుంది. పెద్దవాళ్ళకి తెల్లది వేస్తే వేసినట్టే ఉండదు. ఎర్రది పొడిచిన చోట జబ్బ మీద నిమ్మకాయంత గడ్డ లేచి, వారం రోజులు అలాగే ఉంటుందిట.

"బాగానే ఉందండి, ఎవరికి అరవై దాటాయో నాకెలా తెలియాలి?" అన్నాను.

"అడగండి."

అడగండిట! గట్టు మీద కూర్చుని ఎన్నయినా చెప్తారు. మా తెప్పల మీద నలభై అయిదు దాటిన ప్రతివాళ్ళూ నునుపు చేయించుకుంటారు. ఆర్నెల్లు సూదులు పడితే చర్మం, మోకాళ్ళు, కళ్ళు, జుట్టు, అన్నీ ముప్ఫై అయిదేళ్ళవి అయి కూర్చుంటాయి. ఆఖరి సూది నాడు, పుట్టిన తేదీ చెక్కిన రాగిరేకుని డప్పులతో తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తాం, పానకం పంచుతాం. జాతకం ముంచడం అంటాం దాన్ని. ముంచాక ఆ మనిషి వయసు ఎవ్వరూ అడక్కూడదు, కన్నతల్లయినా సరే. అడిగితే తిట్టినట్టే. ఆ ఒక్క ప్రశ్నతో పెటాకులైన పెళ్ళిళ్ళు నేను చూశాను.

పైగా అరవై దాటాయని తెలిస్తే చేతిలో పని లాగేసుకుంటారు. సుక్కాని ఇవ్వరు, మోకు ముట్టుకోనివ్వరు. నమస్కారాలు పెట్టి ఓ మూల కూర్చోబెడతారు.

నునుపు ముట్టుకోనిది ఒకటుందని డాక్టరమ్మే చెప్పింది. రొమ్మెముక వెనకాల బాలగ్రంథి అని ఉంటుందిట. జబ్బుని గుర్తుపట్టే కణాలకి అక్కడే చదువు. అది చిన్నప్పుడు బలంగా ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ కొవ్వు పట్టి ఎండిపోతుందిట. "మొహం ఎలా ఉన్నా ఒంటికి తన వయసు తెలుసమ్మా" అంది. అప్పుడు మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో అని నాకు పొద్దుగూకేదాకా గుబులే.

శుద్ధ చవితి, పాటు వేళ

టీకాల రోజు. మా దగ్గర ఓ పద్ధతుంది. మొదటి సూది టీకాల మనిషే, అందరూ చూస్తుండగా పొడిపించుకోవాలి. అలా చేస్తేనే మిగతావాళ్ళు జబ్బ చూపిస్తారు.

మిగతావాళ్ళకి మట్టుకు తెర కట్టాను. తెరలోకొచ్చి చెవిలో "తెలుపు" అనో "ఎరుపు" అనో చెప్తే చాలు, ఏళ్ళు చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన నాదే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంక నా సంగతి. పెట్టెకి చెప్తే మా ఆయనకి చెప్పినట్టు కాదుగా, చెప్పేస్తాను. నాకు అరవై తొమ్మిది. ఈశ్వరుడికి నలభై మూడు, ఇంకా నునుపు కూడా చేయించుకోలేదు. నన్ను నలభై అయిదు అనుకుంటున్నాడు. నేను చెప్పలేదు, ఆయనే అనుకున్నాడు, నేను కాదనలేదు. రెండో తెప్ప మీద జాతకం ముంచి, ఆ మాట పొక్కనివ్వకుండా ఇక్కడికొచ్చి కాపరం పెట్టాను. పదకొండేళ్ళు, ఏ గొడవా లేదు.

నాకు పడాల్సింది ఎరుపు. తెలుసు. సీసా మీద చెయ్యి వేశాను కూడాను. ఈశ్వరుడు నా భుజం పట్టుకుని, "భయపడకు అచ్చాయీ, చీమ కుట్టినట్టుంటుందంతే" అన్నాడు, జనమంతా నవ్వారు. నా చెయ్యి దానంతట అదే తెల్ల సీసా మీదకి పోయింది. దానంతట అదే పోయిందంటున్నాను చూడండి, సిగ్గులేకుండా. నేనే పోనిచ్చాను.

తర్వాత తెరలోకి పల్లాలమ్మ వచ్చింది. నేనూ అదీ గట్టు మీద బళ్ళో ఒకే బెంచీ. దాని వయసు నాకు తెలుసు, నా వయసు దానికి తెలుసు. ఈ తెప్ప మీద ఇంకెవరికీ తెలీదు.

"తెలుపు" అంది.

"ఒసే, నీ మొహం. ఎరుపు వెయ్యాలి నీకు."

"నువ్వేం వేయించుకున్నావు? నేను చూళ్ళేదనుకున్నావా?"

దూది తీసి దాని జబ్బ తుడవడం మొదలుపెట్టాను.

"నా జబ్బ మీద గడ్డ లేచిందంటే రేపీపాటికి సుక్కాని ఇంకోడి చేతిలో ఉంటుంది అచ్చాయీ. ఆ ఇంకోడు మొదటి రోజే మేట మీదకి ఎక్కిస్తాడు. ఆ లాంచీ లేకపోతే నేను కూర్చుని ఏం చెయ్యను, కాళ్ళు ఊపుకుంటానా?"

కాదనాల్సింది. నేనూ ఎర్రది వేసుకుంటాను, నువ్వూ వేయించుకో, అంటే పోయేది. అది చెప్పాలంటే ముందు నేను వేసుకోవాలి కదా! అందుకని ఓ ఉపాయం పన్నాను. తెల్ల తోడులోనే మందు రెండింతలు కలిపి వేశాను. కేక చిన్నదయితే ఏం, బొమ్మ పెద్దది చూపిద్దాం, ఆ మాత్రం ఒంటికి తెలియకపోతుందా, అనుకున్నాను. ఎవరు చెప్పారు నాకు అలా అని? ఎవరూ చెప్పలేదు. నా సౌకర్యం కోసం నేనే అనేసుకున్నాను. దానికి "నిండు సూది" అని పేరు కూడా పెట్టాను. చీకటి పడ్డాక నాకూ అదే ఇంకోటి పొడుచుకున్నాను.

శుద్ధ షష్ఠి, పోటు వేళ

పల్లాలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నిండు సూది సంగతి నిన్నటికే తెప్పంతా పాకింది. పేరు పెట్టి ఎవరూ అడగరు. "అచ్చాయమ్మా, నాకు కొంచెం నిండుగా వెయ్యవూ" అని వస్తున్నారు. ఎరుపు కావల్సినవాళ్ళంతా అలా వచ్చి తెలుపు పొడిపించుకుపోతున్నారు.

మా తెప్ప పెద్ద సూరప్పడు గారు కూడా వచ్చాడు. నల్లటి జుట్టు, బల్ల చెక్కలాంటి ఛాతీ, పడుచు కుర్రాళ్ళతో పోటీపడి మోకు లాగుతాడు. తెర లోపలికొచ్చాక గొంతు తగ్గించి, "నా సంగతి నీకు తెలుసు కదమ్మా" అన్నాడు. నాకేం తెలుసు? తెలిసినట్టు తలూపాను. వెళ్ళేటప్పుడు నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మధ్యాహ్నానికి ఇంటికి ఎండు మెత్తళ్ళు వచ్చాయి, ఇంకొకరు చింతచిగురు పంపారు. ఇంతమందికి ఇంత సాయం నా వల్ల అయిందా అని ఒళ్ళు పొంగిపోయింది. మెత్తళ్ళు వేయించి ఈశ్వరుడికి పెట్టాను.

శుద్ధ అష్టమి, పాటు వేళ

మూడో తెప్ప టీకాల మనిషి అచ్చాయమ్మ. టీకాలు పూర్తయ్యాయి. ఎర్ర తోడు పదిహేను మందికి వేశాను. సీసాలు ఖాళీ అయ్యాయి. అందరూ కులాసా.

శుద్ధ నవమి, పోటు వేళ

నిన్న చెప్పింది అబద్ధం.

ఎర్ర తోడు ఒక్కరికీ వెయ్యలేదు. పల్లాలమ్మ, సూరప్పడు గారు, ఇంకో పన్నెండు మంది, నేను. అందరం నిండు సూదుల వాళ్ళమే. ఖాళీ సీసాలు గట్టుకి తిరిగి పంపాలన్నారు. నిండు సీసాలు పంపితే డాక్టరమ్మ అడగదా? అందుకని మొన్న పాటు వేళ, రేవు చివర బట్టలు జాడిస్తున్నట్టు కూర్చుని, మూతలు తీసి సముద్రంలో వొంపేశాను. ఎర్రగా ఓ చారలా పోయి కలిసిపోయింది. పక్కన బట్టలు ఉతుక్కుంటున్న పిల్ల "ఏంటి పిన్నీ అది?" అంటే "పాత రంగే" అన్నాను.

ఆ పిల్లతో అంత తేలిగ్గా ఎలా అనగలిగానో నాకిప్పటికీ తెలీదు. పోసేశాక మట్టుకు ఎందుకో ఆ బట్టలే మళ్ళీ మళ్ళీ జాడిస్తూ కూర్చున్నాను.

బహుళ చవితి, పోటు వేళ

డాక్టరమ్మ పట్టీలు పంపింది. వేలు గుచ్చి రక్తపు బొట్టు వేస్తే, ఒళ్ళు జబ్బుని గుర్తుపెట్టుకున్నట్టయితే పట్టీ ఊదారంగుకి తిరుగుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది.

మొదట ఈశ్వరుడి వేలు గుచ్చాను. రెప్ప వేసేలోగా వంకాయ రంగుకి తిరిగింది. "చూశావా, మనది గట్టి పిండం" అని ఎగిరాడు. తర్వాత ఆయన్ని మంచినీళ్ళకి పంపించి నాది గుచ్చుకున్నాను.

రాలేదు. కూర్చున్నాను, రాలేదు. పట్టీని ఎండకి పట్టి చూశాను, ఊది చూశాను. రక్తం ఎండి నల్లబడిందే గానీ రంగు రాలేదు. నా మొహం ముప్ఫై అయిదేళ్ళది, నా రక్తం మట్టుకు నేను ఎన్ని నిండు సూదులు పొడిచినా నిద్ర లేవలేదు.

మధ్యాహ్నం పల్లాలమ్మ వచ్చి కూర్చుంది. దానిదీ తెల్లగానే ఉంది.

"ఏమయిందే, రంగేది?" అంది.

"పట్టీలకి చెమ్మ తగిలింది. ఉప్పుగాలికి పాడైపోయాయి" అన్నాను.

"అదే అనుకున్నాను. గట్టు సరుకు ఏదీ సముద్రానికి ఆగదు" అని నవ్వి, నా గూట్లో చేగోడీలు రెండు నోట్లో వేసుకుని లేచిపోయింది. అదే పట్టీల కట్టలోది మా ఆయనకి వంకాయ రంగు వచ్చిందని దానికి తెలీదు. నాకు తెలుసు. మిగతా నిండు సూదుల వాళ్ళకీ అదే మాట చెప్పాను, చెమ్మ, చెమ్మ, అని. సాయంత్రానికి ఆ మాట నా నోటికి ఎంత అలవాటయిందంటే, కాసేపు నేనూ నమ్మాను.

బహుళ అష్టమి, పాటు వేళ

మొదటి తెప్ప మీద మడజ్వరం. ఐదుగురికి ఊపిరాడ్డం లేదు. వాళ్ళని లాంచీలో గట్టుకి చేర్చాలి. రేడియోలో డాక్టరమ్మ తెగేసి చెప్పింది, పట్టీ మీద రంగొచ్చిన మనిషే సుక్కాని పట్టాలి, రాని మనిషి వెళ్ళకూడదు అని.

రేవులో తెప్పంతా గుమిగూడింది. పల్లాలమ్మ లాంచీ ఎక్కి చీర బిగించి నిలబడింది. ఈశ్వరుడు మోకు దగ్గర ఉన్నాడు. సూరప్పడు గారు నా వైపు తిరిగి అందరూ వినేట్టు అడిగాడు.

"ఏమ్మా, సరంగుకి రంగొచ్చిందా?"

పల్లాలమ్మ నా కళ్ళలోకి చూసింది. అది ఏమీ అనుమానపడలేదు. చెమ్మ సంగతి చెప్పి నన్ను ఇరికించకు, వెళ్ళనీ, అన్నట్టు కన్ను కొట్టింది.

రాలేదు అనాలి. ఒక్క మాట. అంటే ఎందుకు రాలేదంటారు, ఇంకెవరికి రాలేదంటారు, సూరప్పడు గారి మొహం ఏమవుతుందో, నిండు సూది అంటే ఏమిటంటారు, నీకొచ్చిందా అచ్చాయీ అని మోకు దగ్గర నిలబడ్డ మనిషి అడుగుతాడు. ఇదంతా నాకు ఒక్క క్షణంలో కనపడింది. అయిదుగురు అక్కడ ఊపిరాడక ఉన్నారు, పల్లాలమ్మ తప్ప మొగ దాటించేవాళ్ళు లేరు, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా అని కూడా నాకు నేను చెప్పుకున్నాను.

"ఆ" అన్నాను.

"విప్పు ఈశ్వరుడూ!" అని కేకేసింది పల్లాలమ్మ. మా ఆయన మోకు విప్పాడు. లాంచీ వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నా వాలకం చూసి, వంట నువ్వు చెయ్యకు, కూర్చో అని ఆయనే గంజి కాచి ఇచ్చాడు. తాగాను.

బహుళ ద్వాదశి, పోటు వేళ

ఐదుగుర్నీ గట్టుకి చేర్చింది పల్లాలమ్మ. నిన్న తిరిగొచ్చింది, తనంతట తనే లాంచీ కట్టుకుంది, రేవు మెట్టు మీద కూలబడింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

దాన్ని ఒంటరి గదిలో పెట్టారు. మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాను. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినబడుతున్నాయి.

"పల్లాలూ, పట్టీలకి చెమ్మ లేదే" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. "నీకు రంగు రాలేదు. నాకు తెలుసు. తెలిసే ఆ అన్నాను."

అది కళ్ళు మూసుకుంది. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి అనుకుంటూ కూర్చున్నాను.

"నీకో?" అంది చివరికి. "నీకొచ్చిందా రంగు?"

"రాలేదు."

"మరి ఇంత దగ్గరగా కూర్చున్నావేంటే, బుద్ధిలేనిదానా! అవతలకి పో. తలుపు దగ్గరికి పో."

పోలేదు నేను. అది దగ్గుతూనే చెయ్యి ఊపి, పో, పో అంటూనే ఉంది. ఆ చెయ్యి ఊపడానికి దాని ఊపిరి చాలడం లేదని చూసి, అప్పుడు లేచి తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నా వల్ల చావుబతుకుల్లో ఉన్న మనిషి నాకు జ్వరం అంటుతుందని కంగారుపడుతుంటే, ఈ మొహం ఎక్కడ పెట్టుకోను? భూమి చీలిపోతే బావుణ్ణు అంటారు. ఇక్కడ అది కూడా లేదు.

"మిగతావాళ్ళో?" అంది. "సూరప్పడూ వాళ్ళూ?"

"వాళ్ళకీ రాలేదు."

"ఎరుపు తెచ్చి వెయ్యి. ఉంది కదా నీ దగ్గర?"

నీళ్ళలో పోశానని చెప్పాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది.

బహుళ త్రయోదశి, పాటు వేళ

రేడియో మర తిప్పడానికి మనిషి కావాలి. ఇంకెవర్నయినా పిలుద్దామా అని ఆలోచించాను. ఇప్పుడు కూడా ఆ ఆలోచనే వచ్చిందంటే నేనెలాంటిదాన్నో చూడండి. ఆఖరికి ఈశ్వరుణ్ణే పిలిచాను. ఆయన తిప్పుతున్నాడు, నేను చెప్పాను.

"డాక్టరమ్మ గారూ, ఎర్ర తోడు మళ్ళీ పంపాలండి. ముందు పంపింది ఎవరికీ వెయ్యలేదు. పారబోశాను. అందరికీ తెల్లదే వేశాను, మందు రెండింతలు కలిపి. మా సరంగుకి జ్వరం పట్టింది."

"రెండింతలు వేస్తే సరిపోతుందని ఎవరు చెప్పారమ్మా మీకు?" అంది డాక్టరమ్మ. గొంతులో కోపం కూడా లేదు.

"ఎవరూ చెప్పలేదండి."

"ఎంతమందికి కావాలి? మీ సరంగుకి ఇప్పుడు వేసినా లాభం లేదు, జబ్బు లోపలికి వచ్చేసింది. మిగతావాళ్ళని చెప్పండి. పేర్లూ, వయసులూ కావాలి, దాన్నిబట్టే మోతాదు."

పేర్లు చెప్పుకుంటూ వచ్చాను, ఏళ్ళు తెలీనిచోట అరవై దాటాయని మట్టుకు. తెరలో నా చెవిలో పడ్డ మాటలు, ఎవరికీ చెప్పనని మాటిచ్చినవి, ఒక్కొక్కటీ. పదమూడు పేర్లు చెప్పాక ఆగాను.

"అంతేనా?"

"ఇంకొకరున్నారండి. అచ్చాయమ్మ. అరవై తొమ్మిది."

మర ఆగిపోయింది. రేడియో నోరు మూసింది. నేను ఆయన వైపు తిరగలేదు, ఎదురుగా ఉన్న చెక్క గోడనే చూస్తూ ఉన్నాను. ఆ గోడకి ఎన్ని మేకులున్నాయో ఇప్పుడు అడిగినా చెప్తాను.

కాసేపటికి మర మళ్ళీ తిరిగింది. "అరవై తొమ్మిదా? రేడియో పోయింది, మళ్ళీ చెప్పండి" అంది డాక్టరమ్మ. మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఆయన తిప్పుతూనే ఉన్నాడు.

అమావాస్య, పాటు వేళ

పల్లాలమ్మ పొద్దున్న పోయింది.

మందు తెచ్చే పడవ నిన్నట్నుంచి మొగ దగ్గర మేట ఎక్కి కూర్చుంది. దాన్ని దాటించే మనిషి ఇక్కడ గుడ్డ కప్పుకుని పడుకుంది. ఆ పడవ ముందే వచ్చినా దీనికి పనికొచ్చేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నాకు ఊరటగా చెప్పింది కాబోలు. చెవులు మూసుకున్నాను.

ఇంక ఈ పూటకి ఏమీ చెప్పలేను.

శుద్ధ విదియ, పోటు వేళ

పడవ పోటుకి తేలి వచ్చింది. ఎర్ర సీసాలు దించారు. తెర కట్టలేదు నేను. రేవులో, అందరూ తిరిగే చోట, బల్ల వేసుకుని కూర్చున్నాను. అందర్నీ పిలిపించమని సూరప్పడు గారికి కబురంపితే ఆయన రాలేదు. జనం వచ్చారు గానీ దూరంగా నిలబడ్డారు.

రవిక చెయ్యి పైకి మడిచి ఎర్ర తోడు కలిపాను. "నాకు అరవై తొమ్మిదేళ్ళు" అన్నాను. గట్టిగానే అన్నాను. "నాకు పడాల్సింది ఇది. వేసుకోకుండా మీ అందర్నీ మోసం చేశాను. పల్లాలమ్మని నేనే పంపాను. నిండు సూది పొడిపించుకున్న మీకెవరికీ ఒంట్లో జబ్బుకి అడ్డు ఏమీ లేదు. ఏమీ లేదు మీకు, దయచేసి రండి." పొడుచుకున్నాను.

ఎవరో ఉమ్మేశారు. ఒకావిడ, చింతచిగురు పంపినావిడే, "మా పేర్లు గట్టుకి చెప్పేశావుట కదే, నీ నోరు పడ!" అని అరిచింది. అరుస్తూనే వచ్చి బల్ల మీద చెయ్యి పెట్టింది. వేశాను. ఆవిడ అరవడం ఆపలేదు, నేను వెయ్యడం ఆపలేదు. తర్వాత ఒకరూ, ఇద్దరూ. మధ్యాహ్నం దాటాక సూరప్పడు గారు వచ్చాడు. నా మొహం చూడకుండా చెయ్యి ఇచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇద్దరు ఇంకా రాలేదు. రేపు వాళ్ళ గుమ్మాల ముందు కూర్చుంటాను. తరిమితే మళ్ళీ వెళ్తాను.

ఇంటికొచ్చేసరికి జబ్బ మీద గడ్డ లేచింది, జ్వరం తగిలింది. ఈశ్వరుడు అన్నం పెట్టుకుని తింటున్నాడు. ఈ నాలుగ్రోజులూ ఒక్క మాట లేదు మా మధ్య. వయసు గురించి అడుగుతాడనుకున్నాను. పదకొండేళ్ళు నన్ను వెధవని చేశావని తిడతాడనుకున్నాను. ఏం చెప్పాలో కూడా కూడబలుక్కున్నాను.

"వయసు సంగతి వదిలెయ్" అన్నాడు. "అది తర్వాత చూసుకుందాం. ఆ రోజు రేవులో మోకు విప్పింది నేను."

పైకి మడిచిన రవిక చెయ్యి కిందికి దించుకున్నాను.

"విప్పేటప్పుడు నీ మొహం చూశాను. స్నేహితురాలు జ్వరాల్లోకి వెళ్తోందని దిగులు పడుతున్నావనుకున్నాను. పాపం అనిపించి ఇంటికొచ్చి గంజి కాచాను. అప్పటికే నీకు తెలుసా, దానికి రంగు రాలేదని?"

"తెలుసు" అన్నాను.

"నేను మోకు విప్పుతున్నప్పుడు తెలుసా?"

"తెలుసు మావా."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. పోటు తీసే వేళయిందని మోకుల దగ్గరికి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకోలేదు నేను. ఆయనింకా రాలేదు.